బొడ్డున్న గాజు

పోయిన ఆదివారం మా బోడుప్పల్ అపార్ట్‌మెంటులో ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ, అక్కర్లేని సామానంతా కింద పార్కింగులో దుప్పటి పరిచి పెట్టింది. మిక్సీ జార్లు, పిల్లల సైకిలు, కాలు ఊగే కుర్చీలు, వాటి మధ్య ఒక నీలం గాజు గిన్నె. కూరగాయల సంచీతో పైకి పోతున్నదాన్ని ఆగి, ఆ గిన్నె తీసి, తిరగేసి అడుగు చూశాను. చూసింది చాలక వేలితో తడిమాను. "ధర అడుగున లేదాంటీ, గ్రూపులో పెట్టాం," అంది ఆ ఇంటి అమ్మాయి. ధర కోసం కాదమ్మా అనబోయి ఊరుకున్నాను. గాజు కనబడితే తిరగేసి చూడటం నాకు ఎప్పుడో పట్టుకున్న జబ్బు. పెళ్లిళ్లలో మంచినీళ్ల గ్లాసు, చుట్టాల ఇంట్లో షోకేసు మీది పూలకూజా, ఆఖరికి డాక్టరు బల్ల మీది పేపర్‌వెయిట్ కూడా నా చేతిలో తలకిందులు కావాల్సిందే. మా ఆయన ఎన్నోసార్లు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆయనకేం, ఆయన వాళ్లమ్మ దగ్గర పెరిగాడు, నేను మా అమ్మ దగ్గర పెరిగాను.

మా అమ్మ దగ్గర పెరగడమంటే నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో, రెండు గదుల అద్దె ఇంట్లో పెరగడం. అప్పుడు నేను డిగ్రీ చదువుతూ హబ్సిగూడ దాకా షేర్ ఆటోలో పోయి వస్తుండేదాన్ని. మా సందులో గాలి ఎటు వీస్తే అటు వాసన. పొద్దున బిస్కెట్ల కార్ఖానా వైపు నుంచి వేగిన వెన్న వాసన, మధ్యాహ్నం మందుల కంపెనీల వైపు నుంచి ముక్కు మూసుకోవలసిన ఘాటు. బట్టలు ఆరేసే ముందు అమ్మ దండెం కింద నిలబడి గాలి చూసుకునేది. మా బాపు సందు చివర ఒక చిన్న కార్ఖానాలో గాజు పని చేసేవాడు. కాలేజీలకూ కంపెనీలకూ కావలసిన పరీక్ష నాళికలు, పొడుగు మెడ కుప్పెలు, మెలికలు తిరిగిన గొట్టాలు, అన్నీ తెల్లటి గాజు. గ్యాసు మంట ముందు కూర్చుని కూర్చుని ఆయన ముంజేతుల మీద వెంట్రుక అనేదే ఉండేది కాదు. ఏ వస్తువూ గరుకు అంచుతో ఆయన చేతిలోంచి బయటికి పోకూడదు, అదొక పంతం. పెళ్లి భోజనాల్లో గ్లాసు అంచు మీద వేలు తిప్పి, నచ్చకపోతే స్టీలు గ్లాసు అడిగేవాడు. ఇంట్లో పీట పెచ్చు లేచినా, కత్తిపీట పిడి గుచ్చుకున్నా, ఎవరికీ చెప్పకుండా పట్టుకుపోయి నున్నగా చేసి తెచ్చి, ఉన్నచోటే పెట్టేసేవాడు. భార్య మీద ప్రేమ ఉందని నోటితో చెప్పడం ఆ మనిషికి చేతకాదు. అమ్మ వాడే అట్లకాడ, చపాతీ కర్ర, దువ్వెన, అన్నీ నున్నగా ఉండేవి.

అమ్మది కూడా గాజు పనివాళ్ల ఇల్లే. వాళ్ల నాయిన, అంటే మా తాత, నగరానికి అవతలి కొసన ఒకప్పుడు ఉండిన గాజు కార్ఖానాలో ఊదేవాడు. అక్కడ తయారయ్యేవి దీపం చిమ్నీలు, రైలు లాంతర్లకు పెట్టే రంగు గాజులు. రోజు పని ముగిశాక కుండల అడుగున మిగిలిన గాజుతో పనివాళ్లు తమకు నచ్చింది చేసుకోవచ్చట. తాత పూలకూజాలు చేసేవాడు. పొడుగు ఇనుప గొట్టం చివర ఎర్రటి ముద్దను అంటించుకుని, బుగ్గలు ఉబ్బించి ఊదుతూ, తిప్పుతూ. అట్లా చేసినవి ఎన్నో. కానీ ఇంట్లో ఒక్కటి మిగల్లేదు. దానికి కారణం మా అమ్మమ్మ. ఊపిరి పోసి చేసిన వస్తువు ఊదినవాడి ఇంట్లోనే ఉంటే ఆ మనిషి ఊపిరికే తక్కువవుతుందని ఆమె నమ్మకం. ఆ కార్ఖానా ఆడవాళ్లందరికీ ఉండేదట ఆ నమ్మకం. తాత ఏది తెచ్చినా గడప దాటనివ్వకుండా అటునుంచి అటే ఎవరికో ఇచ్చేసేది. రైల్వే క్వార్టర్లలో అమ్మగార్లకు, బడి పంతులమ్మకు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. అమ్మ చిన్నప్పుడు ఒకటి గోనెసంచీలో దాచుకుంటే వీపు విమానం మోత మోగించి మరీ తీసుకుపోయి ఇచ్చేసింది. తీరా కార్ఖానా మూతపడి, సొంతవూరు ఆలేరుకు చేరాక, తాత ఊపిరి అందకే పోయాడు. నేను అప్పటికి పుట్టలేదు. ఎవరి పెళ్లిలోనో సగం మొహం పడిన ఫొటో తప్ప అమ్మకు ఆయనది ఏమీ మిగల్లేదు. ఆయన ఊదిన వస్తువు ఒక్కటి, ఒకే ఒక్కటి దొరికితే చాలు అనుకునేది. అన్ని పంచిపెట్టింది కదా అమ్మమ్మ, అవన్నీ ఎక్కడికి పోతాయి, ఈ ఊళ్లోనే ఎవరి అటక మీదో ఉంటాయి, ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తారు. అదీ అమ్మ లెక్క.

అందుకని అమ్మ వెతికేది. పాత సామాను ఎక్కడ అమ్ముతున్నారన్నా చెంగు బిగించి బయలుదేరేది. ఉప్పల్ రింగురోడ్డు పక్కన కబాడీ కొట్లు, సంతలో చివరి వరసలో గోనెపట్టాల మీద కూర్చునేవాళ్లు, హబ్సిగూడలో రిటైరై క్వార్టరు ఖాళీ చేసేవాళ్లు వరండాలో పెట్టే సామాను. తోడు నేను. గాజును ఎట్లా చూడాలో తాత అమ్మకు చెప్పాడు, అమ్మ నాకు చెప్పింది. ముందు తిరగేయాలి. అచ్చులో పోసిన గాజుకు రెండు పక్కలా సన్నటి కుట్టు ఉంటుంది, అది మిషను పని, పక్కన పెట్టు. నోటితో ఊదిన గాజుకు కుట్టు ఉండదు, అడుగున బొడ్డు ఉంటుంది. ఊదడం అయ్యాక వస్తువును ఇనుప కడ్డీ మీద నిలబెట్టి మూతి సవరిస్తారు. ఆ కడ్డీని విరిచి తీసినచోట మిగిలే గరుకు మచ్చనే మా ఇంట్లో బొడ్డు అనేవాళ్లం. పుట్టినదానికి బొడ్డు లేకుండా ఎట్లుంటది అనేది అమ్మ. తరవాత గోటితో కొట్టి మోగుతుందా చూడాలి. ఎండకు పెట్టి లోపల బుడగలున్నాయా చూడాలి. నిజంగా పాతదైతే అడుగున గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి, ఎన్నో ఇళ్లలో ఎన్నో బల్లల మీద జరిగింది కాబట్టి. ఒకే దిక్కుకు ఉంటే మోసం, గరుకు కాగితంతో రుద్దిన కొత్త సరుకు.

ఇదంతా అందరి గాజుకూ. తాత గాజుకు మాత్రం ఇంకో గుర్తు ఉండేది. ఆ బొడ్డు గరుకుగా ఉంటే పెట్టిన చోటల్లా గీరుకుంటుంది. సానబట్టే చక్రం వేరే విభాగం వాళ్లది, సొంత పనికి ఇవ్వరు. అందుకని తాత బొడ్డు ఇంకా మెత్తగా ఉండగానే పాతకాలం చిల్లు కానీని పట్టకారుతో పట్టి దాని మీద ఒత్తేవాడు. బొడ్డు అణిగి, నాణెం అచ్చు గుండ్రంగా పడేది, చిల్లు ఉన్నచోట మధ్యలో చిన్న బుడిపె లేచేది. ఇంకెవరూ అట్లా చేసేవాళ్లు కాదని అమ్మ చెప్పేది. చెప్పేది అంటే నాకొక్కదానికే, అదీ చెవిలో. బాపుకు చెప్పలేదు. చెబితే ఏమంటాడో ఆమెకు తెలుసు.

బాపుకు రంగు గాజు అంటే గిట్టదు. అల్లుడి గాజుకూ మామ గాజుకూ ఆ రెండు గదుల్లో ఎప్పుడూ తగాదానే. "మీ నాయిన జేసినయి పువ్వుల సీసాలే. మా గాజు మంటల వెట్టి తీసి నీళ్లల్ల ముంచు, ఏం గాదు. మీ నాయినది జర చాయ పోస్తే పటుక్కుమంటది," అనేవాడు, అన్నంలో పచ్చిపులుసు పోసుకుంటూ. "నువ్వు జేసిన గొట్టం ఎవలన్న కిటికీల వెట్టుకుంటరా? అదన్న జెప్పు," అనేది అమ్మ. మామను ఎన్నడూ చూడని మనిషి ఆయన మీద అంత పోటీ ఎందుకు పడ్డాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ నవ్వులాటలోకి చిల్లు కానీ సంగతి లాగడం అమ్మకు ఇష్టం లేకపోయింది.

తాత గాజు దొరకలేదు గానీ, వెతుకులాటలో అమ్మకు వేరే గాజులన్నీ తెలిసిపోయాయి. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు కారితే కనిపించే రంగులన్నీ పైన మెరిసే నారింజ గిన్నె ఒకటి. పొర లోపల పొరగా ఎరుపు, పసుపు, మళ్లీ తెలుపు కనిపించే బరువైన బూడిదపాత్ర, అది సముద్రాలు దాటి వచ్చిందని దాని బరువే చెప్పేదట. ఇంకొకటి లేత పసుపు పచ్చ గిన్నె. అట్లాంటిది నీలం దీపం కింద పెడితే తనంతట తానే వెలుగుతుందని ఎవరో చెబితే, అమ్మ నన్ను వెంటబెట్టుకుని సందు మొదట్లోని కిరాణా కొట్టుకు పోయింది. అక్కడ దొంగనోట్లు చూసే చిన్న దీపం ఉండేది. "నోటు తేవాలె గని గిన్నె తెస్తివేందక్కా?" అని కొట్టతను నవ్వాడు. నవ్వుతూనే షట్టరు సగం దించి, దీపం వేశాడు. గిన్నె మొత్తం పచ్చగా, లేత అరిటాకు మీద ఎండ పడినట్టు వెలిగింది. పప్పు కోసం వచ్చినవాళ్లు సంచులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. కొట్టతను కాసేపు దీపం ఆర్పనే లేదు.

అవన్నీ అమ్మ కిటికీ గూట్లో పెట్టేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, కార్ఖానాల కూతలు సద్దుమణిగాక, ఎండ పడమటికి తిరిగి ఆ గూట్లోకి వచ్చేది. అప్పుడు ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. నారింజ రంగు గచ్చు మీద పాకి చాప దాకా వచ్చేది, పచ్చరంగు గోడెక్కి క్యాలెండరు మీద ఆగేది. అమ్మ చాప మీద ఒక పక్కకు తిరిగి పడుకుని, తన చేతి మీద పడిన రంగు మోచేతి నుంచి మణికట్టుకు జరగడం చూస్తూ ఉండేది. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదవకుండా కూర్చునేదాన్ని. అంత నిండుగా, అంత ఊరికే గడిచిన మధ్యాహ్నాలు నా బతుకులో మళ్లీ రాలేదు. "ఇన్ని దొరికినయి. ఒక్కటన్న మా నాయినది గాదు," అనేది అమ్మ నిద్రలోకి జారుతూ.

ఆ ఒక్కటి హబ్సిగూడలో దొరికింది. ఒక పరిశోధన సంస్థ క్వార్టర్లలో సుభద్రమ్మగారని ఉండేవారు. ఆమె భర్త సైంటిస్టు, రిటైరై కాకినాడ వెళ్లిపోతున్నారు. మేం పోయేసరికి వరండాలో సామాను సగం అయిపోయింది. అమ్మ కళ్లు మాత్రం సామాను మీద లేవు, వంటింటి కిటికీ మీద ఉన్నాయి. అక్కడ నేరేడుపండు రంగు కూజా ఒకటి, దాంట్లోంచి మనీప్లాంటు తీగ చువ్వలకు అల్లుకుని ఉంది. "అదా? అది అమ్మకానికి కాదమ్మా. మేము లాలాగూడలో అద్దెకున్నప్పుడు ఇంటివాళ్లు ఇచ్చారు. ఎప్పటిదో. తీగ ఎలాగూ తీసుకెళ్లలేను, మీకు కావాలంటే తీగతో సహా పట్టుకెళ్లండి," అన్నారు సుభద్రమ్మగారు. లాలాగూడ అంటే రైల్వే క్వార్టర్లు. అమ్మ మొహం పాలిపోయింది. తీగ తీసి నా చేతిలో పెట్టి, నీళ్లు పారబోసి, కూజాను తిరగేసింది. అడుగంతా ఏళ్ల తరబడి చేరిన నీళ్ల సున్నం, గట్టిగా, తెల్లగా పేరుకుని ఉంది. దాని కింద ఏదో గుండ్రంగా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఆటోలో అమ్మ దాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక చింతపండు రసం పెడదామా, నిమ్మకాయ రుద్దుదామా అని నేను తొందరపడ్డాను. అమ్మ ముట్టుకోనివ్వలేదు. ఆమెకు భయం. ఇన్నేళ్ల తరవాత సున్నం వదిలి చూస్తే కింద ఏమీ లేకపోతే? "అమ్మను తీస్కొస్త. గామె ముందట్నే కడుగుత. గామె ఏలు వెడితే సాలు, ఎర్కయితది," అంది. ఆలేరులోనే ఉండిపోయిన అమ్మమ్మ కళ్లకు అప్పటికే శుక్లాలు ముదిరి మనుషులు నీడల్లా కనిపించేవాళ్లు. కానీ ఆ అచ్చులు ఎన్ని తడిమి ఎన్ని పంచిపెట్టిందో, వేలికి గుర్తుండకుండా పోదు. కూజాను గూట్లో మిగతావాటి వెనక పెట్టి, బాపుతో "గది ముట్టకు, అడుగు గరుకుగున్నది, ఏలు గీరుకుంటది" అని మాత్రం చెప్పి, నన్ను తీసుకుని ఆలేరు బస్సెక్కింది.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూవాడా ఊగిపోతున్న రోజులు. మేము ఆలేరు చేరిన మర్నాడే బంద్. దాని మీద ఇంకో బంద్. బస్సులు లేవు, రోడ్డు మీద వంటావార్పూ, డప్పులూ. మా మేనమామ పిల్లలు రోడ్డు మీదే అన్నాలు తిని వచ్చారు. అమ్మ మాత్రం గడప దగ్గర కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండేది. ఇక్కడ నాచారంలో కార్ఖానాకు తాళం. తాళంచెవి బాపు దగ్గరే. ఇంట్లో మనుషులు లేరు, చేతికి పని లేదు, అక్కడ సానబట్టే చక్రం ఖాళీగా ఉంది. గూట్లో, పెళ్లాం వేలు గీరుకుంటుందని చెప్పిపోయిన గరుకు వస్తువు ఒకటి ఉంది. ఇంకేం కావాలి మా బాపుకు!

బస్సులు తిరగ్గానే అమ్మమ్మను తీసుకుని వచ్చాం. బాపు గుమ్మంలోనే ఎదురయ్యాడు. మొహం వెలిగిపోతోంది. అమ్మమ్మ కాళ్లు కడుక్కుని, అలవాటుగా అల్లుడి ఎదుట కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడ వారగా కూర్చుంది. అమ్మ ఇంకా సంచీ దించలేదు, బాపు గూట్లోంచి కూజా తీసి తెచ్చాడు. అబ్బ, ఎంత బాగుంది! లోపలా బయటా కడిగి తుడిచాడు, నేరేడు రంగు మధ్యలో ఎక్కడో ఎర్రగా మండుతోంది. "ఇగో, పట్టుకో అత్తా. ఇంత ముద్దుగున్నదని మేం అనుకోలే," అని అమ్మమ్మ ఒళ్లో పెట్టాడు. అమ్మమ్మ దాన్ని తిరగేసింది. బొటనవేలు అడుగున పెట్టి ఒకసారి తిప్పింది. మళ్లీ తిప్పింది. తరవాత తల అడ్డంగా ఊపింది.

"గిది నున్నగున్నది బిడ్డా. మీ నాయినది గాదు."

అమ్మ ఒక్క ఉదుటున వచ్చి కూజా లాక్కుంది. అడుగు అద్దంలా ఉంది. సున్నం లేదు, బొడ్డు లేదు, ఏమీ లేదు. చూస్తే తన మొహమే కనిపిస్తోంది. "ఏం జేసినవయ్యా?" అంది.

"ఏం జేసిన? గరుకుగున్నదని నువ్వే అంటివి గద. నున్నగ జేసిన," అన్నాడు బాపు. మెప్పు వస్తుందనుకున్నచోట ఇదేంది అని ఆయన మొహం చిన్నబోయింది. చిన్నబోయి, కోపం తెచ్చుకున్నాడు. "ఏందే గట్ల జూస్తవు? అల్కగనే అయిందనుకుంటున్నవా? యాసిడ్‌ల సున్నం వోయినంక సూస్తే, ఎవడో పనిరానోడు బొడ్డు మీద గుండ్రంగ ఉంగరమంత గీత వెట్టిండు. దాని నడుమ పెసరగింజంత బుడిపె. అది మెత్త గాజాయె, జోరుగ వెడితే పలుగుతదని పొద్దంత చక్రం కాడ ఊపిరి వట్టుకుని కూసున్న!"

నేను అమ్మ మొహం చూశాను. చిల్లు కానీ సంగతి ఈ మనిషికి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా దాచిందే ఆమె.

"ఏమంటివి?" అంది అమ్మ మెల్లగా. "మళ్లొకసారి జెప్పు."

తిడుతోందనుకుని బాపు మొహం తిప్పుకున్నాడు. అప్పుడు అమ్మమ్మ కొంగు నెత్తి మీంచి జారినా చూసుకోకుండా ముందుకు వంగి, చెయ్యి చాపింది. నాకు తెలిసి ఆమె అల్లుడి ముందు గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. "నాకు కండ్లు కనవడయ్ కొడుకా. గదెట్లుండెనో నా చేతిల గీసి సూపియ్యి."

బాపు బిత్తరపోయాడు. అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని, ఆ ముసలి అరచేతిలో చూపుడువేలితో గుండ్రంగా గీశాడు. పనివాడి వేలు, కొలత తప్పలేదు. మధ్యలో ఒకచోట ఒత్తాడు. అమ్మమ్మ పిడికిలి బిగించేసింది, నాణెం చేతికొచ్చినట్టు. "ఆయన్దే," అంది. "ఆయన్దేనే బిడ్డా." పిడికిలి గుండెకు ఆనించుకుని, ఆమె ఏడ్చిన ఏడుపు తాత పోయినప్పుడు కూడా ఏడవలేదని అమ్మ తరవాత చెప్పింది. "ఉన్నయన్ని పంచిపెట్టిన. ఒక్కటన్న ఇంట్ల వెట్టుకోనియ్యక పోతి. ఆయన ఊపిరి ఉండాలె అనే పంచిన. అయినా దక్కకపాయె."

జరిగింది ఏమిటో బాపుకు అప్పుడు అర్థమైంది. అమ్మ వెక్కిళ్ల మధ్య చిల్లు కానీ సంగతి చెబుతుంటే, ఆయన తన రెండు చేతులూ పరాయివాళ్లవి చూసినట్టు చూసుకున్నాడు. "నా చేతులిరగ," అని గడప మీద కూలబడ్డాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే తిట్టింది. "మా నాయినకు పనిరాదంటవా? పనిరానోడంటవా మా నాయిన్ని?" అంటూ ఆయన భుజం మీద గుద్దింది. గుద్ది, అక్కడే తల ఆనించింది. కన్నవాళ్ల ఎదుట మొగుడి భుజాన తల పెట్టిన ఆడమనిషిని నేను అంతకు ముందు చూడలేదు. "ఊకోండ్రి," అంది అమ్మమ్మ కళ్లు తుడుచుకుని. "ఆయన గూడ గరుకుండొద్దనే గద కానీ ఒత్తెటోడు. నువ్వు గూడ గదే జేసినవు. ఆయనుంటే, మంచిగ జేసినవల్లుడా అంటుండె."

కూజాను ఆ రోజంతా అమ్మమ్మ ఒళ్లోంచి దించలేదు. సాయంత్రం చాయ తాగేటప్పుడు అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు, "గిది నాకియ్యరాదే?" అని. ఇన్నేళ్లు వెతికింది అమ్మ. అమ్మ కాసేపు చాయ ఊదుకుంటూ కూర్చుంది. "ఇయ్య," అంది. "నీకిస్తే మళ్ల ఎవలకో ఇస్తవు. ఈడనే ఉండు. రోజు వట్టుకో." బిడ్డ ఇంట్లో తాను ఉండిపోతే నలుగురూ ఏమంటారని అమ్మమ్మ గొణిగింది. "ఏమనరత్తా, ఉండు," అన్నాడు బాపు గడప మీంచి. ఆమె ఉండిపోయింది. కళ్లకు ఆపరేషన్ అయింది, రాష్ట్రం వచ్చింది, సందులో పటాకులు కాల్చిన రాత్రి అందరితోపాటు ఆమె కూడా లడ్డూ తిన్నది. మధ్యాహ్నం ఎండలో గూటి కింద కూర్చుని, ఆ నేరేడు రంగు తన తెల్లచీర మీద జరుగుతుంటే కాళ్లు ముడుచుకునేది, రంగును తొక్కకుండా.

ఇప్పుడు ఆ సందు లేదు. కార్ఖానా ఉన్నచోట ఫ్లాట్లు లేచాయి, ఉప్పల్ దాకా మెట్రో వచ్చింది, కబాడీ కొట్లు ఫోన్లలోకి పోయాయి. బిస్కెట్ల వాసన కోసం ఒకటి రెండుసార్లు ఆటో ఆపి నిలబడ్డాను, రాలేదు. అప్పుడు మా ఇంట్లో గాజు అంటే ఒకరు ఊదింది. ఇప్పుడు నా వంటింట్లో ఉన్న గాజు అంతా అచ్చుది, ఎవరు చేశారో ఎవరికీ తెలీదు, పగిలితే అయ్యో అనేవాళ్లు లేరు. ముందు అమ్మమ్మ పోయింది. నిరుడు బాపు పోయాడు. పోయే దాకా అమ్మ ఆయన్ని వదల్లేదు. కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా, నిద్ర పట్టకపోయినా చెయ్యి చాపేది. "ఎట్లుండె?" అనేది. ఆయన విసుక్కోకుండా గీసేవాడు. ఆ కూజా మీది గుర్తును కళ్లతో చూసింది ఆయనొక్కడే మరి.

అమ్మ ఇప్పుడు ఆ కూజాతో సహా నా దగ్గరే ఉంటోంది. ఆదివారం ఆ నీలం గిన్నె సంగతి చెబితే, "బొడ్డున్నదా?" అని అడిగింది. లేదన్నాను, అచ్చు గాజే. అమ్మ నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, అరచేయి విప్పి, వేలితో గుండ్రంగా ఒక గీత గీసింది. మధ్యలో గట్టిగా ఒత్తి, నా వేళ్లను తానే మూసింది.

"గిట్లుండెనంట," అంది. "మీ బాపు జెప్పిండు."